పింఛను లోటుకు అద్దె ఫ్లాటు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను లేదు. వారంతా కాంట్రిబ్యూటరీ పథకం కిందికి వచ్చారు. ఆనాడు ముప్పై ఏళ్ల వయసులో డీఎస్సీ రాసి బడిలో అడుగుపెట్టిన ఉపాధ్యాయుడికి ఇప్పుడు యాభై దాటింది. తెలంగాణలో 61 ఏళ్లకు, ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు పదవీ విరమణ అనుకుంటే ఆయన చేతిలో ఉన్నది పదేళ్లు. ప్రైవేటు ఉద్యోగి పరిస్థితి ఇంకా ఇరుకు. భవిష్యనిధి సంస్థ ఇచ్చే పింఛనుకు లెక్కలోకి తీసుకునే జీతం నెలకు 15 వేల రూపాయలకు మించదు. దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. అధిక వేతనంపై పింఛను ఎంచుకోనివారికి 30 ఏళ్లు పనిచేసినా నెలకు ఏడు వేల లోపే వస్తుంది. హైదరాబాద్‌లో దంపతులిద్దరి మందులకు, కిరాణాకు, కరెంటుకు ఆ డబ్బు ఏ మూలకూ చాలదు.

అందుకే నలభై అయిదు దాటిన ప్రతి మధ్యతరగతి ఇంట్లో ఒకే మాట వినిపిస్తోంది: ఉన్నంతలో ఒక చిన్న ఫ్లాటు కొని అద్దెకిచ్చేస్తే రిటైరయ్యాక నెల నెలా ఎంతో కొంత చేతికొస్తుంది. ఈ ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ పింఛను కోసం కొనే ఫ్లాటును కూడా మనం ఆస్తి కోసం కొనే ఫ్లాటులాగే ఎంచుకుంటున్నాం. రేటు ఎంత పెరుగుతుంది, పక్కన ఔటర్ రింగ్ రోడ్డు ఉందా, మెట్రో వస్తుందా అని అడుగుతాం. అద్దె ఎంత వస్తుందన్న ప్రశ్న టోకెన్ అడ్వాన్స్ ఇచ్చాక గుర్తొస్తుంది. జీతం ఆగిపోయిన మనిషికి రేటు పెరగడం నెల ఖర్చుకు పనికిరాదు. డబ్బు అవసరమైనప్పుడు ఒక గదిని మాత్రం అమ్ముకునే వీలు ఫ్లాటులో లేదు. సొంతంగా ఉంటున్న ఇంటిని బ్యాంకుకు రివర్స్ మార్ట్‌గేజ్ చేసి నెలనెలా డబ్బు తీసుకోవచ్చు గానీ, అద్దెకిచ్చిన ఫ్లాటుకు ఆ సదుపాయం కూడా వర్తించదు. కాబట్టి ఈ కొనుగోలును తూచాల్సింది ఖర్చులన్నీ పోను చేతికందే అద్దెతోనే.

ధర ఒక దారి, అద్దె ఒక దారి

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. ఆ వార్త వచ్చిన మర్నాటి నుంచే చుట్టుపక్కల ఊళ్లలో చదరపు అడుగు ధర చెప్పేవారి గొంతు మారింది. అయితే ఆ వేలంతో గచ్చిబౌలిలో పనిచేసే జూనియర్ ఇంజినీరు జీతం పెరగలేదు. ఆసుపత్రి నర్సుకు, బ్యాంకు క్లర్కుకు, ప్రైవేటు స్కూలు టీచరుకు ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు. అద్దె కట్టేది వాళ్లే. ఎవరైనా తన జీతంలో నాలుగో వంతో, మహా అయితే మూడో వంతో అద్దెకు పెట్టగలరు. భూమి ధర వేలంపాటలను బట్టి, పెట్టుబడిదారుల ఆశలను బట్టి పోతుంది. అద్దె ఆ వీధిలో బతికేవారి జీతాలను బట్టి పోతుంది. ఈ రెండింటి మధ్య దూరం పెరిగినకొద్దీ అద్దె కోసం కొన్నవాడు నష్టపోతాడు. మన నగరాల్లో ఇంటి ధర మీద ఏటా వచ్చే అద్దె సాధారణంగా రెండు నుంచి నాలుగు శాతం మధ్యే ఆడుతుండటానికి మూలం ఇదే.

దీన్ని తేలిగ్గా చూసుకునే లెక్క ఒకటుంది. ఫ్లాటు ధరను నెల అద్దెతో భాగించాలి. కోటిన్నర పెట్టిన కొత్త ఫ్లాటుకు 38 వేలు అద్దె వస్తుందనుకుంటే దాదాపు 395 నెలల అద్దె ఆ ధరలో ఉంది. నిజాంపేట, బాచుపల్లి వైపు పదేళ్ల కిందట కట్టిన రెండు పడకగదుల ఫ్లాటు 50 లక్షలకు దొరికి 18 వేలకు అద్దెకు పోతుందనుకుంటే 278 నెలలు. నా మట్టుకు 300 నెలలు దాటిన ఫ్లాటును పింఛను కోసం కొనకూడదంటాను. అది ఎంత అందంగా ఉన్నా, క్లబ్ హౌసులో ఈతకొలను ఉన్నా సరే. ఆ కొలనుకు పెట్టిన డబ్బు ధరలో పూర్తిగా కలుస్తుంది, అద్దెలో కొంచెమే తిరిగొస్తుంది.

ఆ 50 లక్షల ఫ్లాటు లెక్కనే చివరిదాకా చూద్దాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే 3.75 లక్షలు. ఏజెంటుకు ఒక శాతం, అంటే 50 వేలు. రంగులు, బాత్రూమ్ మరమ్మతులు, గీజర్లు, కప్‌బోర్డులు కలిపి రెండుంబావు లక్షలు. ఫ్లాటు చేతికొచ్చేసరికి 56.5 లక్షలు అయింది. ఇక ఏడాది అద్దె 2.16 లక్షలు. అద్దెకున్నవారు మారేటప్పుడు సగటున ఏటా ఒక నెల ఖాళీగా పోతుందనుకుంటే 18 వేలు తగ్గుతాయి. ఆస్తి పన్ను, బీమాకు 8 వేలు. మోటారు, ప్లంబింగ్, రెండు మూడేళ్లకోసారి పెయింటింగ్‌ను ఏటికి సర్దితే 20 వేలు. కొత్తవారిని తెచ్చిన ఏజెంటుకో వాచ్‌మన్‌కో సగం నెల అద్దె, 9 వేలు. మిగిలేది 1.61 లక్షలు, నెలకు 13,400 రూపాయలు. ధర మీద 4.3 శాతంగా కనిపించిన రాబడి నిజంగా పెట్టిన డబ్బు మీద 2.85 శాతానికి దిగింది. నెలవారీ మెయింటెనెన్స్ అద్దెకున్నవారే కడతారన్న హైదరాబాద్ పద్ధతిని నమ్ముకుని వేసిన లెక్క ఇది. ఖాళీగా ఉన్న నెలల్లో అదీ ఓనరు మీదే పడుతుంది.

ఇదే డబ్బు సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో పెడితే? 2023 ఏప్రిల్ నుంచి దానిపై వడ్డీ 8.2 శాతం, ఒక్కొక్కరికి పరిమితి 30 లక్షలు. దంపతులిద్దరికీ అరవై నిండితే విడివిడి ఖాతాల్లో ఆ 56.5 లక్షలూ పడతాయి. ఏటా 4.63 లక్షలు, నెలకు సుమారు 38,600 రూపాయల లెక్కన మూడు నెలలకోసారి వస్తుంది. నికర అద్దెకు ఇది దాదాపు మూడు రెట్లు. కొళాయి పాడైందని ఎవరూ ఫోన్ చేయరు. ఈ పోలిక చూపించకుండా ఎవరికైనా ఫ్లాటు కొనమని చెప్పడం అన్యాయం.

మరి ఫ్లాటు ఎందుకు? వడ్డీ పెరగదు, అద్దె పెరుగుతుంది కాబట్టి. అరవయ్యో ఏట 38,600 వచ్చినది ఎనభయ్యో ఏట కూడా అంతే, అదీ ప్రభుత్వం వడ్డీ రేటు తగ్గించకపోతే. ఈలోగా పాల ప్యాకెట్టు, బీపీ మాత్ర, పనిమనిషి జీతం అన్నీ రెండు మూడు రెట్లవుతాయి. అద్దె అగ్రిమెంటులో ఏటా అయిదు శాతం పెంపు రాసుకోవడం మన దగ్గర మామూలే. ఆ లెక్కన 14 ఏళ్లలో అద్దె రెట్టింపవుతుంది. మన ఫ్లాటు నికర అద్దె వడ్డీని అందుకోవడానికి 22 ఏళ్లు పడుతుంది. అరవై ఏళ్లకు కొన్నవారికి అది ఎనభై రెండో ఏట. నలభై ఎనిమిదో ఏట కొన్నవారికి మాత్రం విరమణ నాటికే 13,400 కాస్తా 24 వేలవుతుంది, డెబ్బయ్యో ఏట వడ్డీతో సమానమవుతుంది.

ఈ అంకెలు చెప్పేది నాకు స్పష్టంగా కనిపిస్తోంది. అద్దె ఫ్లాటు నలభైల్లో కొనాల్సిన వస్తువు. యాభై ఏడులో, యాభై ఎనిమిదిలో గ్రాట్యుటీ, భవిష్యనిధి డబ్బు మొత్తం ఊడ్చి ఫ్లాటులో పోయడం మాత్రం కుటుంబాన్ని కష్టాల్లోకి నెట్టడమే. ఆ వయసులో ఆసుపత్రి ఖర్చు ఏ రాత్రి వస్తుందో తెలియదు. ఫ్లాటు అమ్ముడుపోవడానికి నెలలు పడుతుంది.

జీతంతోపాటు ఆగాల్సిన అప్పు

నలభైల్లో కొనాలంటే అప్పు తప్పదు. అప్పు ఎంత కాలానికి అన్నదాంట్లోనే పెద్ద ప్రమాదం ఉంది. 30 లక్షలకు 8.5 శాతం వడ్డీతో పదేళ్ల రుణమైతే నెలసరి కిస్తీ సుమారు 37,200. ఇరవై ఏళ్లకు చేస్తే 26 వేలకు దిగుతుంది. బ్యాంకు మేనేజరు, బిల్డరు మనిషి ఇద్దరూ రెండోదే చూపిస్తారు. కిస్తీ తక్కువ కనిపిస్తుంది, పెద్ద ఫ్లాటుకు అర్హత వస్తుంది. డెబ్బై దాటాక కూడా కిస్తీ కట్టించుకునే బ్యాంకులూ ఉన్నాయి. కానీ యాభై రెండేళ్ల ఉద్యోగి ఇరవై ఏళ్ల రుణం తీసుకుంటే, తొమ్మిదేళ్లు క్రమంగా కట్టి 61వ ఏట రిటైరయ్యే రోజుకి ఇంకా 22 లక్షలకు పైగా బాకీ ఉంటుంది. తొలి ఏళ్ల కిస్తీల్లో ఎక్కువ భాగం వడ్డీకే పోవడం వల్ల అసలు తరగదు. ప్రైవేటు ఉద్యోగికి పన్ను లేకుండా వచ్చే గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితే 20 లక్షలు. అది మొత్తం పోసినా అప్పు తీరదు.

అందుకని ఎంత ఫ్లాటు అన్నది జీతం ఆగే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని తేల్చుకోవాలి. విరమణకు ఎన్నేళ్లుంటే అన్నేళ్లకే రుణం. ఆ కిస్తీలోంచి నికర అద్దె తీసేయగా మిగిలినది జీతంలోంచి ఇబ్బంది లేకుండా కట్టగలగాలి. పైన చెప్పిన పదేళ్ల రుణానికి ఆ లోటు నెలకు 24 వేల దాకా ఉంటుంది. పిల్లల ఇంజినీరింగ్ ఫీజులు, పెళ్లి ఖర్చులు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. లోటు కట్టలేమనిపిస్తే చిన్న ఫ్లాటు వైపు చూడాలి తప్ప రుణ కాలం పెంచకూడదు. ఇంకో మాట. 30 లక్షల వరకు రుణాల్లో ధరలో 90 శాతం దాకా, 75 లక్షల వరకు 80 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా అందులో కలవదు. ఆ డబ్బు కోసం పర్సనల్ లోన్ తీసుకునేవారిని చూస్తున్నాం. అక్కడే అద్దె మీద వచ్చే లాభమంతా హరించుకుపోతుంది.

పన్ను ఆదా కోసం ఫ్లాటు కొనమనే పాత సలహాకు కాలం చెల్లింది. పాత విధానంలో అద్దెకిచ్చిన ఇంటి రుణ వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని ఏటా రెండు లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వడ్డీని అద్దె ఆదాయం మేరకే తగ్గించుకోగలం, జీతం మీద సర్దుబాటు లేదు. ఇప్పుడు ఎక్కువమంది కొత్త విధానంలోనే ఉన్నారు. అద్దెలోంచి ఆస్తి పన్ను పోగా మిగిలినదానిపై 30 శాతం మినహాయింపు మాత్రం రెంటిలోనూ ఉంది.

అద్దెకు వచ్చేవాడి కంటితో

ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు మనం అక్కడ కాపురం పెట్టబోతున్నట్టు చూస్తాం. పూజ గది ఎటుంది, బాల్కనీ నుంచి ఏం కనిపిస్తోంది అని. అద్దెకు వచ్చే కుటుంబం మొదట అడిగేది నీళ్లు. నల్లా కనెక్షన్ ఉందా, ఎన్ని రోజులకోసారి నీళ్లొస్తాయి, ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండితే ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో ఎంత పడుతుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను నిదానంగా పలకరిస్తే బ్రోషర్‌లో లేని ఈ సమాచారమంతా దొరుకుతుంది. రెండోది, బస్సు. మూడోది, పిల్లల బడి వ్యాను గుమ్మం దాకా వస్తుందా. తర్వాత పార్కింగ్, లిఫ్టుకు జనరేటర్. తూర్పు ముఖమా, ఉత్తరమా అని అద్దెవాళ్లు కూడా అడిగే ఊరు మనది. ఆ పట్టింపు కొనేవారికి ఉన్నా లేకపోయినా ఖాళీ నెలలు తగ్గించుకోవడానికి దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఒకే రకం ఉద్యోగం మీద ఆధారపడిన వీధిలో కొనడం కూడా ప్రమాదమే. 2020లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇంటి నుంచి పనికి అనుమతించగానే మాదాపూర్, కొండాపూర్ చుట్టూ హాస్టళ్లు, ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి. యువకులు లగేజీ సర్దుకుని రాజమండ్రికో, కరీంనగర్‌కో వెళ్లిపోయారు. గేటు గేటుకూ టులెట్ బోర్డులు వేలాడాయి. ఆఫీసులు తెరిచాక అద్దెలు ఎగబాకిన మాట నిజమే. కానీ కిస్తీ కడుతున్నవారికి ఆ మధ్య కాలం చాలా బరువైంది. అదే బాచుపల్లి, మియాపూర్ వైపు ఫార్మా పరిశ్రమ, కళాశాలలు, దగ్గర్లో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు, మెట్రో స్టేషన్ అన్నీ ఉన్నాయి. పిల్లల ఇంటర్మీడియట్ కోసం జిల్లాల నుంచి వచ్చి రెండేళ్లు ఉండి వెళ్లే కుటుంబాలు ఉన్నాయి. నగరం తూర్పున ఉప్పల్, హబ్సిగూడ ప్రాంతంలో ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ, కుషాయిగూడ వైపు ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ, పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్, నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో. ఆ వైపు ధరలు పశ్చిమంతో పోలిస్తే తక్కువ. పెట్టుబడిదారులు పట్టించుకోని ఈ ప్రాంతాల్లోనే ధరకూ అద్దెకూ మధ్య దూరం తక్కువగా ఉంటుంది. చిన్న ఉద్యోగి పింఛను వెతుక్కోవాల్సింది ఇలాంటి చోట్లే అని నా నమ్మకం.

విజయవాడ, మంగళగిరి, తాడేపల్లి అనుభవం మరో పాఠం. 2016లో సచివాలయం వెలగపూడికి తరలినప్పుడు హైదరాబాద్ నుంచి ఉద్యోగులు వచ్చి అద్దెలకు గిరాకీ పెరిగింది. రాజధాని మీద నమ్మకంతో చాలామంది ఫ్లాట్లు కొన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చి ఆ నమ్మకం కూలింది. అమరావతి పనులు మళ్లీ మొదలవడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. నలభై ఏళ్ల వ్యక్తి ఆ నిరీక్షణను తట్టుకోగలడు. అరవైకి చేరువైనవారికి ఆ ఆరేళ్లు తిరిగి రావు. ప్రభుత్వం ప్రకటించిన రోడ్డు, రావాల్సిన మెట్రో, కట్టబోయే రాజధాని అద్దె కట్టవు. ఇవాళ నడుస్తున్న బస్సు, ఇవాళ పనిచేస్తున్న ఫ్యాక్టరీ కడతాయి.

ఈ కారణంగానే విరమణకు దగ్గరైనవారు నిర్మాణంలో ఉన్న ఫ్లాటు జోలికి పోవద్దంటాను. అయిదు శాతం జీఎస్టీ, చౌక గృహమైతే ఒక శాతం పడుతుంది. అన్ని అనుమతులూ పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్న ఇంటికి అదేమీ ఉండదు. మూడేళ్లలో ఇస్తామన్నది అయిదేళ్లయితే అద్దె రాని ఆ కాలమంతా వడ్డీ కట్టాలి. ఇక ప్రీలాంచ్ పేరుతో, స్థలంలో వాటా రాసిస్తామంటూ తక్కువ ధరకు డబ్బు వసూలు చేసి చేతులెత్తేసిన ఉదంతాలు హైదరాబాద్‌లో వేలమంది జీవితకాలపు పొదుపును మింగేశాయి. రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు మించిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మకానికి పెట్టడమే నేరం. రెరా రిజిస్ట్రేషన్ నంబరు లేని కాగితానికి ఒక్క రూపాయి ఇవ్వకూడదు.

పాత ఫ్లాటుకు దాని సమస్యలు దానికున్నాయి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఇరవై, పాతికేళ్ల అపార్ట్‌మెంటులో అద్దె బాగా వస్తుంది, ధర అందుబాటులో ఉంటుంది. కానీ గోడలకు వయసు పెరుగుతోంది. కాలం గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గి, యూడీఎస్ అని పిలిచే అవిభాజ్య స్థల వాటాకే విలువ మిగులుతుంది. నాలుగైదు అంతస్తుల పాత కట్టడాల్లో ఒక్కో ఫ్లాటుకు ముప్పై, నలభై గజాలు దాకా రాసి ఉంటుంది. ముప్పై అంతస్తుల టవర్లలో అది చాలా తక్కువ. సేల్ డీడ్‌లో ఈ గజాలు ఎన్నో చూడకుండా చదరపు అడుగుల లెక్క మీద బేరం ఆడటం పొరపాటు. ఆ చదరపు అడుగుల్లోనూ మెట్లు, లిఫ్టు, కారిడార్ కలిపి పాతిక, ముప్పై శాతం వాడుకోలేనిది ఉంటుంది. టేపు పట్టుకుని గదులు కొలుచుకోవడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

అన్నిటికన్నా నిర్ణాయకమైనది అపార్ట్‌మెంట్ సంఘం. ఒక మంచి ఫ్లాటును చెడ్డ సంఘం రెండేళ్లలో పాడు చేయగలదు. మెయింటెనెన్స్ ఎన్ని ఫ్లాట్లవారు బాకీ ఉన్నారు, కార్పస్ ఫండ్ ఎంత ఉంది, అది ఎవరి పేరిట ఏ బ్యాంకులో ఉంది, లిఫ్టు ఎన్నేళ్ల కిందటిది, మేడ మీద వాటర్‌ప్రూఫింగ్ ఎప్పుడు చేయించారు. ఈ ప్రశ్నలకు కార్యదర్శి లెక్కల పుస్తకం తెరిచి చూపిస్తే ఆ అపార్ట్‌మెంట్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. లిఫ్టు మార్చడానికి లక్షలు కావాలి. కార్పస్ లేని చోట ఆ భారమంతా ఒకే నెలలో ఓనర్ల మీద పడుతుంది. పింఛనుదారుకు అలాంటి నోటీసు ఒకటి వస్తే ఏడాది అద్దె అక్కడే ఖర్చు. పై అంతస్తు ఫ్లాటు కొంటే స్లాబు కారడం, గ్రౌండ్ ఫ్లోర్‌లో కొంటే డ్రైనేజీ ఎదురు తన్నడం కూడా వానాకాలంలో ఒకసారి వెళ్లి చూసుకోవాల్సినవే. 2016 సెప్టెంబరు వానలకు నిజాంపేట భండారీ లేఅవుట్‌లో సెల్లార్లు మునిగి అపార్ట్‌మెంట్ల నుంచి జనాన్ని బయటికి తీసుకురావాల్సి వచ్చింది. అలాంటి వీధిలో ఫ్లాటు ఎందుకు చౌకగా ఇస్తున్నారో ఎండాకాలంలో చూస్తే అర్థం కాదు.

కాగితాల విషయంలో మూడు మాటలు చాలు. మంజూరైన ప్లాన్‌లో ఉన్న అంతస్తులు, కట్టిన అంతస్తులు ఒకటేనా అని చూడాలి. అనుమతి లేని పై అంతస్తులో పెంట్‌హౌస్ ఎంత చౌకైనా కొనకూడదు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, నిషేధిత భూముల 22ఏ జాబితా లాయరు చేత చూపించుకోవాలి. చెరువు దగ్గరైతే హెచ్‌ఎండీఏ పటంలో పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్), బఫర్ గీతలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువుల ఆక్రమణలపై సాగించిన కూల్చివేతల తర్వాత ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

కొన్న తర్వాత ఆదాయం నిలబడేది అద్దెకున్నవారితో మన నడవడికను బట్టి. బ్యాచిలర్లకు ఇవ్వం, ఒంటరి మహిళకు ఇవ్వం, ఫలానా మతంవారికి, ఫలానా కులంవారికి ఇవ్వం అనే షరతులు మన నగరాల్లో బాహాటంగా నడుస్తున్నాయి. ఇది అమానుషం. పైగా నష్టదాయకం కూడా. నెలనెలా అయిదో తేదీకి అద్దె పంపగల నర్సును ఒంటరిదని తిప్పి పంపి ఫ్లాటును రెండు నెలలు ఖాళీగా ఉంచుకున్న ఓనరు ఏడాది ఆదాయంలో ఆరో వంతు పోగొట్టుకున్నట్టే. ఉద్యోగ వివరం, పాత ఓనరు మాట, పోలీసు వెరిఫికేషన్ చూసుకుంటే చాలు. నిక్కచ్చిగా కట్టేవారిని అయిదు శాతానికి బదులు మూడు శాతం పెంపుతోనైనా నిలుపుకోవడం తెలివైన పని. ఒక్క నెల ఖాళీ ఆ తేడా కన్నా చాలా ఎక్కువ తినేస్తుంది.

ప్రభుత్వం చేయదగినదీ ఉంది. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ప్రతి వీధిలో ఫ్లాటు మార్కెట్ విలువ ఉంది. అద్దె ఎంతో చెప్పే అధికారిక లెక్క మాత్రం ఎక్కడా లేదు. రిజిస్ట్రేషన్ చేయించకుండా అందరూ 11 నెలల అగ్రిమెంట్లే రాసుకుంటారు, అవి ఏ పుస్తకంలోనూ చేరవు. నామమాత్రపు రుసుముతో ఆన్‌లైన్‌లో నమోదుకు వీలిస్తే ఇరు పక్షాలకూ రక్షణ ఉంటుంది, కొనేవారికి నిజమైన అద్దె తెలుస్తుంది. అమ్మకపు ఏజెంటు నోటి మాటే ఆధారంగా ఒక ఉపాధ్యాయుడు పాతికేళ్ల పొదుపు పెట్టాల్సి రావడం మంచి వ్యవస్థ లక్షణం కాదు.

ఫ్లాటే కొనాలని కూడా లేదు. వరంగల్, గుంటూరు, కాకినాడ, నల్గొండ లాంటి ఊళ్లలో సొంత ఇల్లు ఉన్నవారు మేడ మీద ఒక పోర్షన్ వేయగలరేమో ముందు చూసుకోవాలి. 900 చదరపు అడుగులకు అడుగుకు రెండు వేల లెక్కన 18 లక్షలు ఖర్చయి 10 వేలు అద్దె వచ్చినా పెట్టిన డబ్బు మీద ఆరున్నర శాతం పైనే. భూమి అప్పటికే మనది కావడం వల్లే ఇది సాధ్యం. పునాది పైఅంతస్తును మోయగలదని ఇంజినీరు చెప్పాలి, మున్సిపాలిటీ అనుమతి ఉండాలి. కింద మనం ఉంటూ పైన అద్దెకిస్తే నీళ్ల మోటారు మొరాయించినా ఊరు దాటి పోనక్కర్లేదు. డెబ్బై అయిదేళ్ల వయసులో ఆ సౌకర్యం విలువ అంతా ఇంతా కాదు. ఫ్లాటే కొనదలిస్తే అదీ ఒక బస్సు దూరంలో ఉండేలా చూసుకోవాలి.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఫ్లాటును వారి పేరిట రిజిస్టర్ చేసే అలవాటు పెరిగింది. ఓనరు ప్రవాస భారతీయుడైతే అద్దెకున్నవారు ప్రతి నెలా అద్దెలోంచి 31.2 శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఆ తలనొప్పి ఎవరూ కోరుకోరు. కొడుకు ఆ ఆదాయాన్ని అమెరికాలోనూ చూపించాలి. చివరికి తల్లిదండ్రుల పింఛను కోసం కొన్న ఫ్లాటు అద్దె వారి ఖాతాలో పడదు. భర్త డబ్బుతో పూర్తిగా భార్య పేరిట కొన్నా అద్దె భర్త ఆదాయంలోనే కలిపి పన్ను లెక్కిస్తారు. దంపతులిద్దరి పేర్లతో కొనడం, ఇద్దరూ వీలునామాలు రాసి పెట్టుకోవడం మేలు. మన సమాజంలో చాలా ఇళ్లలో భర్తే ముందు వెళ్లిపోతాడు, వెనుక ఉన్న భార్యకు ఫ్లాటు అగ్రిమెంటు ఎక్కడుందో కూడా తెలియదు. అద్దె జమయ్యే బ్యాంకు ఖాతా ఇద్దరి పేరిట, ఇద్దరిలో ఎవరున్నా నడిచే పద్ధతిలో ఉండాలి. సేల్ డీడ్, అగ్రిమెంటు, సంఘం కార్యదర్శి ఫోన్ నంబరు ఆమె చేతిలో ఉండాలి, ఏటా అద్దె పెంచే మాట ఆమె కూడా ఒకసారి మాట్లాడి ఉండాలి.